ఒకటో తరగతి టీచర్‌కు బీఈడీ ఎందుకు సరిపోదు?

ఒక ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు. చెల్లెలు ఇంటర్ అయ్యాక ప్రాథమిక టీచర్ల డిప్లొమా అయిన డీఈఎల్‌ఈడీ రెండేళ్లు చేసింది. అక్క డిగ్రీ, పీజీ, ఆపైన బీఈడీ కూడా పూర్తి చేసింది. పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టు పడితే దరఖాస్తు పెట్టుకునే అర్హత చెల్లెలికే ఉంది, అక్కకు లేదు. ఈ సంగతి చుట్టాల్లో చెబితే చాలామంది నమ్మరు. పదో తరగతికి చెప్పగలిగిన మనిషి ఒకటో తరగతికి చెప్పలేదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్న మీదే తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి కేసులు నడిచాయి, ధర్నాలు జరిగాయి, నోటిఫికేషన్లు మారాయి. చివరికి సుప్రీంకోర్టు తేల్చింది.

అర్హతల మూలం విద్యాహక్కు చట్టంలో ఉంది. 2009లో వచ్చిన ఆ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం టీచర్ల కనీస అర్హతలు నిర్ణయించే పని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి, అంటే ఎన్‌సీటీఈకి దక్కింది. ఆ సంస్థ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషనే ఇవాళ్టికీ పునాది. ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పాలంటే ఇంటర్ 50 శాతం మార్కులతో పాసై, రెండేళ్ల ఎలిమెంటరీ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసి, ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాసై ఉండాలి. డిప్లొమాకు బదులు నాలుగేళ్ల బీఈఎల్‌ఈడీ డిగ్రీ ఉన్నా, ప్రత్యేక విద్యలో డిప్లొమా ఉన్నా సరే. బీఈఎల్‌ఈడీని ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో మొదలుపెట్టింది కానీ తెలుగు నేల మీద అది పెద్దగా ఎవరికీ తెలియదు. ఇక్కడ ప్రాథమిక టీచర్ చదువంటే డీఈఎల్‌ఈడీయే. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని టీటీసీ అనే అంటారు. మధ్యలో కొంతకాలం డీఈడీ అన్నారు. పేర్లు మారినా సారం ఒకటే.

పేర్ల దగ్గర ఇంకో తమాషా ఉంది. ప్రాథమిక బడిలో చెప్పేవాళ్లను 'సెకండరీ గ్రేడ్' టీచర్లని ఎందుకంటారు? ఇది పాత మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన వాడుక. అప్పట్లో గ్రేడు అన్నది చెప్పే తరగతిని బట్టి కాదు, టీచర్ సొంత చదువును బట్టి. ఎనిమిదో తరగతి దాకా చదివి ట్రైనింగ్ అయితే ఎలిమెంటరీ గ్రేడ్. ఎస్సెస్సెల్సీ పాసై ట్రైనింగ్ అయితే సెకండరీ గ్రేడ్. ఎలిమెంటరీ గ్రేడ్ ఎప్పుడో పోయింది, సెకండరీ గ్రేడ్ పేరు మాత్రం ఎస్జీటీగా మిగిలింది. తమిళనాడులోనూ ఇదే పేరు. చిన్నపిల్లల టీచర్‌ను ఆ టీచర్ చదువుతోనే కొలిచే అలవాటు ఇంత పాతది.

బీఈడీ, డీఈడీ పేచీ విద్యాహక్కు చట్టం కన్నా ముందే మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్షలో, ఎస్జీటీ పోస్టులకు ఇద్దరినీ రానిచ్చారు. తర్వాత 30 శాతం పోస్టుల్ని డీఈడీ వాళ్లకు విడిగా కేటాయించారు. మెరిట్ లిస్టులో పైన ఉండి కూడా ఉద్యోగం రాని బీఈడీ అభ్యర్థులు కోర్టు మెట్లెక్కారు. ఆ గొడవ రాష్ట్రం రెండుగా విడిపోయాక కూడా ఆరలేదు. ఆంధ్రప్రదేశ్ 2021లో 2,193 మందిని మినిమం టైమ్ స్కేల్ మీద, అంటే పే స్కేలులోని కనీస మూల వేతనంతో, ఎస్జీటీలుగా తీసుకుంది. తెలంగాణలో మిగిలినవాళ్లకు కాంట్రాక్టు ఉద్యోగాలు వచ్చేసరికి 2025 వచ్చేసింది. ఇరవై అయిదేళ్ల వయసులో పరీక్ష రాసినవాళ్లు నలభై దాటాక చాక్‌పీస్ పట్టుకున్నారు.

ఈ మధ్యలో ఎన్‌సీటీఈయే గేటు ఒకసారి మూసి, ఒకసారి తీసింది. 2010 నిబంధనల్లో బీఈడీ వాళ్లకు 2012 జనవరి 1 వరకే మినహాయింపు. ఆ తర్వాత దారి మూసుకుపోయింది. 2018 జూన్ 28న మళ్లీ తెరిచారు. బీఈడీ చేసినవాళ్లూ ఒకటి నుంచి అయిదు తరగతులకు అర్హులే, కాకపోతే ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలి అన్నది షరతు. రాజస్థాన్ హైకోర్టు 2021 నవంబరులో దీన్ని కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 ఆగస్టు 11న జస్టిస్ అనిరుద్ధ బోస్, జస్టిస్ సుధాంశు ధూలియాల ధర్మాసనం రాజస్థాన్ హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది. ఆ తేదీకి ముందే ఉద్యోగాల్లో చేరినవాళ్లకు మాత్రం 2024 ఏప్రిల్‌లో ఊరట ఇచ్చింది.

అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఇచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఎస్జీటీకి బీఈడీ వాళ్లనూ అనుమతించారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఆరు నెలలైనా ఇలా ఎందుకు జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి, బీఈడీ చేసి ఖాళీగా ఉన్న యువత లక్షల్లో ఉంది. హైకోర్టు వెంటనే అడ్డుకట్ట వేసింది. తర్వాత ప్రభుత్వం మారడంతో ఆ నోటిఫికేషనే రద్దయింది.

కోర్టు తీర్పులోని తర్కాన్ని సాంకేతిక వివాదంగా చూసి వదిలేయడం సులువు. అసలు విషయం అది కాదు. నాణ్యమైన ప్రాథమిక విద్య రాజ్యాంగంలోని 21ఎ అధికరణం కింద పిల్లల హక్కు, చిన్నపిల్లలకు చెప్పే నేర్పు వేరు, బీఈడీ ఆ నేర్పు ఇవ్వడానికి తయారైన కోర్సు కాదు అని కోర్టు చెప్పింది. ఉద్యోగార్థుల వైపు నుంచి కాకుండా పిల్లల వైపు నుంచి ఈ గొడవను చూసిన మొదటి మాట అదే.

ఆ నేర్పు ఏమిటో తరగతి గదిలోకి వెళ్తే తెలుస్తుంది. రెండో తరగతి పిల్లవాడిని 'నూట అయిదు' రాయమంటే 1005 అని రాస్తాడు. తెలివి తక్కువై కాదు. నూరు అంటే 100, అయిదు అంటే 5, రెండూ పక్కపక్కన పెట్టాడు. విన్నది విన్నట్టు రాశాడు. తప్పు కొట్టేసి పక్కన 105 అని రాసిచ్చే టీచర్ ఆ పిల్లవాడికి ఏమీ నేర్పనట్టే. పుల్లల కట్టలు తెచ్చి, పదేసి పుల్లల కట్ట ఒకటి, అలాంటి పది కట్టలతో పెద్ద కట్ట ఒకటి కట్టించి, పదుల ఇంట్లో ఏమీ లేదని చేత్తో తడిమి తెలుసుకునేలా చేస్తేనే ఆ సున్నా అక్కడ ఎందుకు కూర్చుందో వాడికి అర్థమవుతుంది. ఇంజినీరింగ్ మ్యాథ్స్ చేసిన మనిషికి ఇందులో కష్టం ఎక్కడుందో కనపడకపోవచ్చు. స్థానవిలువ ఎప్పుడు అర్థమైందో గుర్తు లేనంత చిన్న వయసులో అర్థమైపోయింది కాబట్టి.

తెలుగు చదవడం కూడా అంతే. 'బడి' చదివే పిల్ల 'బండి' దగ్గర సున్నాను మింగేస్తుంది. 'అక్క'ను 'అకక' అంటుంది. అక్షరాలన్నీ వచ్చు, గుణింతం అప్పజెప్పగలదు, పదం మాత్రం చదవలేదు. ఇంట్లో గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలైతే చదవాల్సిన పదమే వాళ్లకు కొత్త. అక్కడ టీచర్ పని రెట్టింపు. ఇవన్నీ ఒకే గదిలో, ఒకే సమయంలో జరుగుతాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ ఒక్కరే చూడాలి. ఒకరికి లెక్క ఇచ్చి, ఒకరితో చదివించి, ఇంకొకరు ఏడవకుండా చూసుకుంటూ గంట గడపాలి. దీనికి బహుళ తరగతి బోధన అని డీఈఎల్‌ఈడీ పుస్తకాల్లో పేరుంది. బీఈడీలో అభ్యర్థి తన డిగ్రీ సబ్జెక్టులను బట్టి ఒకటి రెండు బోధన పద్ధతులు తీసుకుంటాడు. గణితం, భౌతికశాస్త్రం అనో, సాంఘికశాస్త్రం, ఇంగ్లిష్ అనో. వాటిని హైస్కూల్ పిల్లలకు ఎలా చెప్పాలో నేర్చుకుంటాడు. ఎస్జీటీకి సబ్జెక్టు అనేదే ఉండదు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఆటపాటలు అన్నీ తనవే.

మరి డీఈఎల్‌ఈడీ ఆ నేర్పును నిజంగా ఇస్తోందా? కాగితం మీద చూస్తే కోర్సు బాగుంది. 2014 ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం ఏడాదికి 200 పనిదినాలు. రెండేళ్లలో మొత్తం 20 వారాలు బడిలో గడపాలి. మొదటి ఏడాది నాలుగు వారాలు చూడటానికి, రెండో ఏడాది పదహారు వారాలు చెప్పడానికి. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. ప్రవేశం డీఈఈసెట్ అనే 100 మార్కుల పరీక్షతో. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా రాయొచ్చు, 50 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 45 చాలు. గరిష్ఠ వయసు లేదు. తెలంగాణలో ఇదే పరీక్షతో బాలవాటికల కోసం ప్రీస్కూల్ డిప్లొమాలోనూ చేరొచ్చు.

ప్రభుత్వ రంగంలో ఈ కోర్సు నడిపేవి జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అందరూ పిలిచే మాటలో డైట్‌లు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున వచ్చాయి. అంగలూరు, బొమ్మూరు, భీమునిపట్నం, కార్వేటినగరం, బుక్కపట్నం లాంటి ఊళ్ల పేర్లు టీచర్ల నోట్లో ఊళ్లుగా కన్నా డైట్‌లుగానే నానుతుంటాయి. 'నువ్వు ఏ బ్యాచ్, బొమ్మూరా?' అంటే చాలు, వాళ్లిద్దరి మధ్య సగం పరిచయం అయిపోయినట్టే. డైట్‌లో సీటు వస్తే ఫీజు తక్కువ, సాధారణంగా పక్కనే ప్రయోగానికి బడి కూడా ఉంటుంది.

మిగతా సీట్లు ప్రైవేటు కాలేజీల్లో. దేశంలోని టీచర్ ట్రైనింగ్ కాలేజీల్లో దాదాపు 90 శాతం ప్రైవేటువేనని, వాటి నాణ్యత ఆందోళనకరంగా ఉందని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే చెప్పింది. ఇక్కడ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. హాజరు కావాలంటే ఇంత, రికార్డులు రాసిపెట్టాలంటే ఇంత అని రేటు చెప్పే కాలేజీల గురించి ప్రతి జిల్లాలోనూ కథలున్నాయి. శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయుడు పదహారు వారాలు బడిలో ఉండాల్సింది పోయి, బజారులో కొన్న చార్టులతో, సీనియర్ దగ్గర ఎత్తిరాసిన పాఠ్యపథకాలతో గట్టెక్కేస్తాడు. కోర్టులో గెలిచిన వాదన ఇక్కడ బలహీనపడుతుంది. డిప్లొమా ఉన్నవాళ్లకే చిన్నపిల్లలకు చెప్పే నేర్పు ఉంటుందన్న మాట, ఆ డిప్లొమా నిజంగా చదివితేనే చెల్లుతుంది.

దీనికి కాలేజీలను మాత్రమే తప్పుపట్టలేం. ఆ పదహారు వారాలకు నియామకంలో ఒక్క మార్కు కూడా లేదు. టెట్ పేపర్-1 తీసుకుంటే 150 ప్రశ్నలు, 150 మార్కులు. శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ముప్పయ్యేసి. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 వస్తే పాస్. డీఎస్సీలో ఎస్జీటీ రాతపరీక్ష 160 బిట్లు, బిట్టుకు అర మార్కు, మొత్తం 80. మిగతా 20 మార్కులు టెట్ స్కోరు నుంచి వస్తాయి. టెట్‌లో 120 వస్తే అది 16 అవుతుంది. ఇంటర్వ్యూ లేదు, పాఠం చెప్పి చూపించే పరీక్ష లేదు. ఒక పిల్లవాడి ముందు ఒక్కసారి కూడా నిలబడకుండా డీఎస్సీ ర్యాంకు కొట్టొచ్చు.

అభ్యర్థులు తెలివైనవాళ్లు, లెక్క వెంటనే పట్టేస్తారు. టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, 2021 దాకా ఏడేళ్లే ఉండేది. అయినా పాసైనవాళ్లు మళ్లీ మళ్లీ టెట్ రాస్తారు. 120ని 135 చేసుకుంటే డీఎస్సీ లెక్కలో రెండు మార్కులు పెరుగుతాయి, అంటే నాలుగు బిట్లు. అర మార్కు తేడాతో వందల మంది వెనక్కి పోయే పరీక్షలో నాలుగు బిట్లంటే చిన్న విషయం కాదు. అందుకే డీఈఎల్‌ఈడీ రెండో ఏడాదిలో ఉండగానే చాలామంది మనసు కోచింగ్ మీదకు పోతుంది. డీఎస్సీ అంటే అవనిగడ్డ అన్న పేరు ఊరికే రాలేదు. కృష్ణా జిల్లా చివర్లో ఉన్న ఆ ఊళ్లో నోటిఫికేషన్ సీజన్ వస్తే అద్దె గదులు దొరకవు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే సంజ్ఞానాత్మక దశలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 1005 రాసిన పిల్లవాడు ఆ దశల్లో ఎక్కడున్నాడో చూసే అవకాశం మాత్రం ఆ గదుల్లో ఉండదు.

ఇక నిరీక్షణ. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులతో టీఆర్‌టీ పేరుతో టీచర్ల నియామక పరీక్ష వచ్చింది. ఆ తర్వాతి పెద్ద భర్తీ 2024 డీఎస్సీయే. అందులో 11,062 పోస్టులకు ఎస్జీటీలు 6,508. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ పూర్తయిన డీఎస్సీ 2025లోనే. 16,347 పోస్టుల ఆ మెగా డీఎస్సీకి సెప్టెంబరు 25న నియామక పత్రాలిచ్చారు. రెండు చోట్లా ఏడేళ్లు. గరిష్ఠ వయసు తెలంగాణలో 46కు, ఆంధ్రప్రదేశ్‌లో 44కు పెంచారంటే ఈ నిరీక్షణను ప్రభుత్వాలే ఒప్పుకున్నట్టు. పందొమ్మిదేళ్లకు డిప్లొమా చేత్తో పట్టుకుని బయటికొచ్చిన పిల్ల మొదటి నోటిఫికేషన్ చూసేసరికి ఇరవై ఆరు. ఈలోపు చాలామంది దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో చేరి తక్కువ జీతానికి పని చేస్తారు. వాళ్లు నిజంగా టీచర్లయ్యేది అక్కడే. డీఎస్సీలో దానికీ మార్కులుండవు.

ఇంత ఓపిక ఎందుకంటే ఎస్జీటీ ఉద్యోగం విలువ అలాంటిది. ఆంధ్రప్రదేశ్‌లో మూల వేతనం 32,670తో, తెలంగాణలో 31,040తో మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె అదనం. సొంత జిల్లాలో ఉద్యోగం. తెలంగాణలో 95 శాతం పోస్టులు స్థానికులకే. పల్లెటూరి ఇంట్లో ఇంటర్ చదివిన ఆడపిల్లకు ఇంత తక్కువ చదువు ఖర్చుతో ఇంత స్థిరమైన ఉద్యోగం ఇంకో దారిలో దొరకడం కష్టం.

ఉద్యోగం వచ్చేసినవాళ్లకు కూడా ఇప్పుడు టెన్షన్ మొదలైంది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న ఇచ్చిన తీర్పు ప్రకారం, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెబుతూ, రిటైర్ కావడానికి అయిదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు ఉండి, టెట్ లేని టీచర్లు రెండేళ్లలో ఆ పరీక్ష పాసవ్వాలి. అయిదేళ్ల లోపున్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగొచ్చు కానీ పదోన్నతి కావాలంటే వాళ్లకూ టెట్ తప్పదు. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి టెట్ 2011 జులై 31న జరిగింది. అంతకు ముందు డీఎస్సీల్లో వచ్చినవాళ్లకు ఆ పరీక్షతో పనే లేకపోయింది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మాస్టారు తన పాత విద్యార్థి పక్కన కూర్చుని టెట్ రాసే పరిస్థితి. ఉపాధ్యాయ సంఘాలు మండిపడటంలో ఆశ్చర్యం లేదు. ఇరవై ఏళ్ల పనిని రెండున్నర గంటల బిట్లతో కొలవడం ఎంతవరకు న్యాయమన్న వాళ్ల వాదనలో బలముంది. అయితే ఆ వాదనకు ఇంకో కొస కూడా ఉంది. పనిని చూసి కొలిచే పద్ధతి కొత్తవాళ్ల నియామకంలో ఉండాలని సంఘాలు ఇంత గట్టిగా ఎన్నడూ అడగలేదు.

రాబోయేది వేరే ఆట. 2020 జాతీయ విద్యావిధానం 2030 నాటికి టీచర్‌కు కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ అని రాసుకుంది. దాని కోసం తెచ్చిందే ఐటీఈపీ, అంటే ఇంటిగ్రేటెడ్ టీచర్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్. ఇంటర్ తర్వాత జాతీయ స్థాయిలో ఎన్‌సెట్ రాసి చేరాలి. డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో అయిపోతాయి. ఫౌండేషనల్, ప్రిపరేటరీ అంటూ పిల్లల వయసును బట్టి దశలు విడగొట్టడం ఇందులోని మంచి ఆలోచన. వరంగల్ ఎన్ఐటీలో, హైదరాబాద్ మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఇప్పటికే ఈ కోర్సులున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, మండల కేంద్రంలో ఇంటర్ చదివి డైట్‌లో చేరే పిల్లకు, జాతీయ ప్రవేశ పరీక్ష రాసి వరంగల్ వెళ్లే పిల్లకు మధ్య దూరం చాలా ఉంది. డైట్‌లనే నాలుగేళ్ల కోర్సుకు తగ్గట్టు పెంచకపోతే సవర, కోయ పల్లెల నుంచి టీచర్లయ్యే దారి సన్నబడుతుంది. ఆ పిల్లల భాష తెలిసిన టీచర్లే ముందు తగ్గిపోతారు.

ప్రస్తుతానికి మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఎస్జీటీకి దారి డీఈఎల్‌ఈడీయే. ఈ ఏడాది ఇంటర్ పాసై డీఈఈసెట్ రాసేవాళ్లకు డైట్‌లో సీటు వస్తే ఆలోచించాల్సిన పని లేదు. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంది అని అడిగే ముందు అక్కడి రెండో ఏడాది విద్యార్థిని పక్కకు పిలిచి, ఇంటర్న్‌షిప్ ఏ బడిలో చేశావు, ఆ బడిలో ఒకటో తరగతిలో ఎంతమంది పిల్లలున్నారు అని అడగాలి. చేసినవాళ్లయితే అంకెతో పాటు ఇద్దరు ముగ్గురు పిల్లల పేర్లు కూడా చెబుతారు.